పక్కవేషాల వాళ్ళకి పూట ఎలా గడిచింది?

(శ్రీకాకుళం జిల్లా పూండిలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



సినిమాలో హీరోగారి తండ్రిగా వేసిన మనిషి ఇంట్లో బియ్యం ఎక్కణ్ణించి వచ్చేవి? ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఈ ఒక్క ప్రశ్న గురించే. కళ గురించి మాట్లాడమని పిలిస్తే బియ్యం సంగతి ఎత్తుకున్నాడేమిటని పెద్దలు అనుకోవచ్చు. మన ఉద్దానం ప్రాంతంలో ఎవరి పిల్లాడైనా నాటకాల్లో తిరుగుతున్నాడని తెలిస్తే ఇంటిల్లిపాదీ అడిగే మొదటి మాట, "అయితే ఏటి తిని బతుకుతాడు?" అది తీసిపారెయ్యాల్సిన మాట కాదు. నటుల జీవిత చరిత్రలు రాసేవాళ్ళు దాన్ని దాటేసి పోతారు. అందుకే అవి చదివాక సినిమాల జాబితా గుర్తుంటుంది గాని మనిషి గుర్తుండడు.

ఈ ఉపన్యాసానికి నిధి పెట్టిన కుటుంబం ఒక షరతు పెట్టింది. ఎవరి జ్ఞాపకంగా ఈ సభ జరుగుతోందో ఆయన పేరు పదేపదే తలుచుకుని పొగడవద్దన్నారు. ఆయన బడిపంతులు. జీతం బడిలో, ప్రాణం నాటకంలో. ముఖ్యవేషం ఇస్తామన్నా పుచ్చుకునేవారు కాదు. మంత్రో, దూతో, పిసినారి మామో అయితే సరేననేవారు. ఆయన గురించి ఇంతకన్నా చెప్పను. ఆయన లాంటి వాళ్ళ గురించే చెబుతాను.

ముందు దూరం నుంచి మొదలుపెడతాను. 1930, 40 దశకాల హాలీవుడ్‌లో పక్కవేషాల వాడికి తిండి సమస్య చాలావరకు స్టూడియోయే తీర్చేసింది. ఎం.జి.ఎం., వార్నర్ బ్రదర్స్ లాంటి కంపెనీలు పెద్దతారల్నే కాదు, వకీలు వేషం, బట్లరు వేషం, తాగుబోతు వేషం వేసేవాళ్ళని కూడా ఒప్పందం మీద పెట్టుకుని వారం వారం జీతమిచ్చేవి. తమ దగ్గర వేషం లేకపోతే ఇంకో కంపెనీకి అరువిచ్చేవి. ఏడాదికి వందల సినిమాలు తయారయ్యే చోట మొహం బాగా తెలిసిన నటుడికి పనికి కరువుండదు. థామస్ మిచెల్ అనే నటుడి 1939వ సంవత్సరం చూడండి. "స్టేజ్‌కోచ్"లో తాగుబోతు డాక్టరు, "గాన్ విత్ ద విండ్"లో కథానాయిక తండ్రి, "మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్"లో పత్రికా విలేఖరి, "ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్"లో విమానం నడిపేవాడు, "హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్‌డామ్"లో బిచ్చగాళ్ళ రాజు. అయిదూ ఒకే ఏడు. డాక్టరు వేషానికి ఆస్కార్ వచ్చింది. సహాయనటులకి ఆస్కార్ ఇవ్వడం అప్పటికి కొత్త. 1936 సినిమాలతో మొదలయింది. ఆ మొట్టమొదటిది అందుకున్న వాల్టర్ బ్రెన్నన్, అయిదేళ్ళు తిరిగేలోగా మరో రెండు పట్టుకుపోయాడు.

నాకు వీళ్ళిద్దరికన్నా ఇష్టమైనవాడు సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్. భారీ మనిషి. ఇంగ్లండులో పుట్టాడు. కుర్రతనంలో తేయాకు తోటలు పెంచుదామని సిలోన్ వెళ్ళాడు. వానలు లేక తోట ఎండిపోయింది. ఇంటికొచ్చి కొన్నాళ్ళు బీరు తయారీ కంపెనీలో పనిచేశాడు. ఆ తర్వాత నాటకాల్లోకి దిగి దాదాపు నలభై ఏళ్ళు స్టేజీ మీదే గడిపాడు. మొదటిసారి కెమెరా ముందు నిలబడేనాటికి ఆయన వయసు అరవై దాటింది. అది 1941, సినిమా "ది మాల్టీస్ ఫాల్కన్". మరుసటేడు "కాసాబ్లాంకా". ఎనిమిదేళ్ళ పాటు నటించి మానేశాడు. ఆ ఎనిమిదేళ్ళకి ఆయన్ని ప్రపంచం ఇంకా గుర్తుపెట్టుకుంది. ఈ గ్రీన్‌స్ట్రీట్‌ని మనసులో ఉంచుకోండి. మన జిల్లా వాడొకాయన దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తాడు.

1948లో అమెరికా సుప్రీంకోర్టు, సినిమాలు తీసే కంపెనీలు సినిమా హాళ్ళు కూడా గుప్పిట్లో పెట్టుకోకూడదని తేల్చింది. తర్వాత టెలివిజన్ వచ్చింది. జీతాల పద్ధతి మెల్లగా కూలిపోయింది. అక్కడి కథ అంతటితో ఆపుతాను.

మద్రాసు సంగతేమిటి? అక్కడ కూడా కొన్నాళ్ళు జీతాల పద్ధతి నడిచింది. "పాతాళభైరవి" నాటికి విజయా సంస్థలో రామారావుగారంతటి వారు నెలజీతం మీద ఉన్నవారే. కాని ఆ పద్ధతి మన దగ్గర ఎక్కువకాలం నిలవలేదు. పంపిణీదారుడు పెట్టుబడి పెట్టేది హీరో మొహం చూసి. హీరో కాల్‌షీటు దొరికాక మిగిలినవాళ్ళ కాల్‌షీట్లు దాని వెనకాల సర్దుకోవాలి. హీరోకి జ్వరం వస్తే పక్కవేషం వాడికి ఆ వారం పస్తు. ఏటా పదుల సినిమాలు తప్ప వందలు తయారుకాని చోట, అందులో తండ్రి వేషాలెన్ని, ప్లీడరు వేషాలెన్ని?

అందుకే తెలుగు సినిమా తొలి రెండు మూడు దశాబ్దాల్లో మనం గొప్ప క్యారెక్టర్ ఆర్టిస్టులనుకునే వాళ్ళని ఒక్కొక్కరినీ కదిపి చూస్తే, వెనకాల ఇంకో వృత్తి బయటపడుతుంది. గోవిందరాజుల సుబ్బారావుగారు తెనాలి డాక్టరు. "మాలపిల్ల" దగ్గర్నుంచి "కన్యాశుల్కం" సినిమాలో లుబ్ధావధాన్ల దాకా ఆయన్ని జనం డాక్టరు గోవిందరాజులుగానే పిలిచారు. రమణారెడ్డిగారు నెల్లూరు జిల్లాలో శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఎస్.వి. రంగారావుగారు అగ్నిమాపక శాఖలో ఆఫీసరు. 1947లో "వరూధిని" దెబ్బతింటే తిన్నగా జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరారు. ఆయన ఆ ఉద్యోగంలోనే ఉండిపోయి ఉంటే నేపాళ మాంత్రికుడు లేడు, కీచకుడు లేడు, జకార్తాలో ఆఫ్రో ఏషియన్ ఉత్సవంలో ఉత్తమనటుడూ లేడు. అల్లు రామలింగయ్యగారు చివరిదాకా హోమియో వైద్యం వదల్లేదు.

ఇవన్నీ సరదా కబుర్లుగా చెబుతుంటారు. నా లెక్కలో ఇవి సరదా కబుర్లు కావు. ఉద్దానం రైతుకి నేను చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్టు ఒక్కటే నమ్ముకుని ఇక్కడ ఎవరూ తోట వెయ్యలేదు. కింద జీడి, పక్కన పనస, మధ్యలో అరటి. ఒకటి పోతే ఒకటి కాస్తుందని. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను అన్నిటినీ ఒకే రాత్రి పడగొట్టింది, అది వేరే సంగతి. పక్కవేషాల వాళ్ళు చేసింది కూడా ఈ తోట వేయడమే. అయితే నటుడి విషయంలో ఇంకొకటి జరుగుతుంది. ఆ రెండో పని అతని కడుపు నింపి ఊరుకోదు. అతని ఒంట్లోకి, మాటలోకి దిగి వేషంలో పైకి తేలుతుంది. ఇది నిరూపించడానికి నేను బయటి జిల్లాలకి పోనక్కర్లేదు.

లుకలాం అగ్రహారం మన జిల్లాలోదే. అక్కడి జొన్నలగడ్డ వారి అన్నదమ్ములిద్దరు, జె.వి. సోమయాజులుగారు, జె.వి. రమణమూర్తిగారు. చదువు, నాటకం విజయనగరంలో. "కన్యాశుల్కం" 1892లో మొదటిసారి ఆడిన ఊరు అది. ఆ నాటకాన్ని ఈ అన్నదమ్ములు భుజాన వేసుకుని దశాబ్దాల పాటు ఊరూరా తిప్పారు. ఉన్నదున్నట్టు ఆడితే ఒక రాత్రి చాలని నాటకం. దాన్ని ప్రేక్షకుడు కూర్చోగలిగినంత మేరకి కుదించి, పస తగ్గకుండా నిలబెట్టారు. తమ్ముడు గిరీశం, అన్న రామప్పపంతులు. రామప్పపంతులు అంటే అందరికీ తెలుసు: దొంగ కాగితాలు, కోర్టు పక్షులు, తగువులు పెట్టి బతకడం, మధురవాణి ముందు డాబు.

ఆ రామప్పపంతుల్ని పండించిన సోమయాజులుగారి ఉద్యోగమేమిటి? రెవెన్యూ శాఖ. డిప్యూటీ కలెక్టరు దాకా ఎదిగారు. అర్జీ పట్టుకుని వచ్చిన మనిషి కళ్ళలో అబద్ధం ఎక్కడ మొదలవుతుందో రోజూ చూసిన ఆఫీసరు. భూమి తగువుల్లో నలిగిన రామప్పపంతుళ్ళు ఆయన టేబులు ముందు ఎంతమంది నిలబడి ఉంటారో ఊహించుకోండి. నటనకి పాఠశాల ఎక్కడుందని అడిగేవాళ్ళకి నేను తాలూకాఫీసు వరండా చూపిస్తాను.

ఇప్పుడు గ్రీన్‌స్ట్రీట్‌ని తలుచుకోండి. 1980 ఫిబ్రవరిలో "శంకరాభరణం" విడుదలయ్యే నాటికి సోమయాజులుగారికి యాభై దాటాయి. స్టేజీ మీద ముప్పయ్యేళ్ళకి పైబడిన అనుభవం, తెర మీద దాదాపు కొత్త మొహం. కె. విశ్వనాథ్‌గారు ఆ కొత్తమొహాన్నే కోరుకున్నారు. అంతకుముందు నాలుగు సినిమాల్లో హీరో తండ్రిగా కనిపించిన మొహమైతే శంకరశాస్త్రి శంకరశాస్త్రిగా కనిపించడు, ఫలానా నటుడిగా కనిపిస్తాడు. ఆ సినిమాలో పేరున్న హీరో లేడు. పక్కవేషానికి సరిపోతాడనుకునే వయసు మనిషిని తెచ్చి నడిమధ్యన కూచోబెట్టారు. ఆయన పక్కన వకీలు మాధవయ్యగా అల్లు రామలింగయ్యగారు. ఒక డిప్యూటీ కలెక్టరు, ఒక హోమియో డాక్టరు కలిసి సినిమాని మోశారు. జాతీయ అవార్డుల్లో ఉత్తమ జనరంజక చిత్రం, సంగీతం, ఇద్దరు నేపథ్య గాయకులకి పురస్కారాలు వచ్చాయి. నటనకి రాలేదు.

శంకరశాస్త్రిలో నన్ను కట్టిపడేసేది ఆ మనిషి అధికారం. గదిలోకి వస్తే మిగిలినవాళ్ళు సర్దుకుంటారు. జిల్లా ఆఫీసుల్లో పైఅధికారి నడకని చూసినవాళ్ళకి అది ఎక్కడిదో తెలుస్తుంది. సంగీతం ఆయన గొంతుది కాదు, బాలసుబ్రహ్మణ్యంగారిది. ఆ నిలబడే తీరు మాత్రం అచ్చంగా ఆయనది. అది ఏ దర్శకుడూ నేర్పి ఉండడు.

తర్వాత జరిగింది కొంచెం బాధగా ఉంటుంది. "త్యాగయ్య", "సప్తపది" దాకా బాగానే ఉంది. ఆ తర్వాత సినిమా వాళ్ళకి ఆయన పంచె, విభూతి, పెద్దరికం తప్ప ఇంకేమీ కనిపించలేదు. వరసగా అవే వేషాలు. వాటిలో చాలా నాకు నచ్చవు. ఆయన తప్పేమీ లేదు. అంతటి రామప్పపంతుల్ని వెండితెర ఎప్పుడూ చూడలేదు. 1955 "కన్యాశుల్కం"లో ఆ వేషం సి.ఎస్.ఆర్. ఆంజనేయులుగారిది, అదీ అద్భుతమే, కాదనను. కాని ఈ సోమయాజులు ఒక టక్కరిగా, ఒక కొంటెవాడిగా, నవ్వుతాలకైనా ఒక్క పెద్ద సినిమాలో నిలబడి ఉంటే ఎలా ఉండేదో మనకి తెలియకుండా పోయింది. గ్రీన్‌స్ట్రీట్‌కి కూడా లావుపాటి విలన్ వేషాలే తిప్పితిప్పి ఇచ్చారు. స్టూడియో జీతమిచ్చినా ఇవ్వకపోయినా ఈ రోగం ఒక్కటే.

తమ్ముడి సంగతి వేరు. రమణమూర్తిగారు 1957లో "ఎం.ఎల్.ఎ."తో తెరమీదికి వచ్చినప్పుడు నాయకుడు. కె.బి. తిలక్‌గారి దర్శకత్వం. అలా మొదలైన మనిషి హీరోగా నిలబడలేదు. అక్కడ చాలామంది విరిగిపోతారు. అయిదారేళ్ళు హీరో వేషం కోసం కాచుకుని, చిన్నవేషం ఇస్తామంటే చిన్నతనమనుకుని, చివరికి ఎటూ కాకుండా పోతారు. ఈయన అలా కాచుకోలేదు. గిరీశం ఉన్నాడు కదా. సినిమా పిలవనప్పుడు ఊళ్ళు పిలిచేవి. 1978లో "మరోచరిత్ర"లో ఆయన కమల్‌హాసన్‌కి తండ్రి. ఇరవయ్యొక్కేళ్ళలో నాయకుడు నాయకుడి తండ్రి అయ్యాడు. ఆ తండ్రిలో కసి లేదు, నీరసం లేదు. చూడండి, మన సినిమాల్లో మాజీ హీరో తండ్రి వేషం వేస్తే ఏదో ఒక షాట్‌లో "నేనూ ఒకప్పుడు..." అన్నట్టు మెడ ఎత్తుతాడు. ఈయన ఎత్తలేదు. 2016లో పోయేదాకా జనం ఆయన్ని సినిమా పేరుతో తలుచుకోలేదు, గిరీశంగానే తలుచుకున్నారు.

తండ్రి వేషాల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న లెక్క. గుమ్మడిగారు పుట్టింది 1927లో. నాగేశ్వరరావుగారు 1924. 1955లో "అర్ధాంగి"లో గుమ్మడిగారు నాగేశ్వరరావుగారికి తండ్రి. కొడుకు కన్నా తండ్రి మూడేళ్ళు చిన్న! ఇరవై ఎనిమిదో ఏటే జుట్టుకి తెల్లరంగు పూయించుకుని, ఆ తర్వాత జీవితమంతా ఆ తెల్లరంగు కింద గడిపేశారు. క్యారెక్టర్ ఆర్టిస్టు అంటే యవ్వనాన్ని ముందే అమ్ముకున్నవాడు. ఏ హీరోకీ ఈ ఖర్చు లేదు.

ఇక రావి కొండలరావుగారు. పుట్టింది సామర్లకోటలో, 1932లో. పెరిగింది, చదివింది శ్రీకాకుళంలో. ఆత్మకథకి ఆయన పెట్టుకున్న పేరులోనే నాగావళి ఉంది. కాబట్టి మనవాడే, తగువు లేదు. 1958 "శోభ"తో సినిమాల్లోకి వచ్చారు. ఆ తర్వాత ఆరు దశాబ్దాలు. మాస్టారు, ప్లీడరు, గుమస్తా, పెళ్ళికూతురి తండ్రి, ఇంటి ఓనరు. ఆయనకి ఇచ్చిన సీన్లు చాలావరకు రెండు నిమిషాలవి. ఆ రెండు నిమిషాల్లో ఆ గుమస్తాకి ఇంటి దగ్గర ఎంతమంది పిల్లలో, ఈ నెల అద్దె కట్టాడో లేదో మనకి తెలిసిపోయేది. కళ్ళజోడు సవరించుకునే తీరు, మాట మధ్యలో మింగేసే తీరు. ఆయన భార్య రాధాకుమారిగారు కూడా నటి. తెరమీద చాలాసార్లు ఇద్దరూ భార్యాభర్తలే. ఆ ఇద్దరూ కలిసి ఒక ఫ్రేములో నిలబడితే దర్శకుడికి ఒక కాపురం ఉచితంగా దొరికినట్టే.

కొండలరావుగారికి పూట ఎలా గడిచింది? కలం. మద్రాసు చేరిన మొదట్లో పత్రికల్లో పని. నాటకాలు, నాటికలు రాశారు. 1966లో బి. నాగిరెడ్డిగారు "విజయచిత్ర" పెట్టాక, అందులో దాదాపు ఆ పత్రిక ఉన్నన్నాళ్ళూ పనిచేశారు. నాకిక్కడ ముచ్చటేసేది ఏమిటంటే, విజయా స్టూడియోలో నటుడికి నెలజీతం ఇచ్చే పద్ధతి పోయింది గాని, అదే యజమాని పెట్టిన పత్రికలో పాత్రికేయుడికి నెలజీతం ఉంది. ముందు గుమ్మంలోంచి పోయిన జీతాన్ని కొండలరావుగారు పెరటిదారిన తెచ్చుకున్నారు! ఉదయం మేకప్ వేసుకుని గుమస్తా, సాయంత్రం పత్రిక ఆఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగి. పొద్దున షూటింగులో తను పక్కన నటించిన హీరో మీద సాయంత్రం వ్యాసం రాయాలి. నోరు జారకుండా, అబద్ధం రాయకుండా. కత్తిమీద సామే.

ఆ పత్రికా బల్ల మీదే ఆయనకి నటుడి కన్నా ఎక్కువ దొరికింది. చిత్తూరు నాగయ్యగారి నుంచి లైట్‌బాయ్ దాకా అందర్నీ దగ్గరగా చూసే వీలు. తెలుపు నలుపు సినిమాల కాలం గురించి ఇవాళ మనకి తెలిసినదాంట్లో గణనీయమైన భాగం ఆయన రాసిపెట్టిందే. 1991లో బాపుగారి "పెళ్ళిపుస్తకం"కి కథ ఆయనది. నంది వచ్చింది. "భైరవద్వీపం" కథా ఆయనదే. రెండు నిమిషాల వేషాలు వేసి వేసి, ఏ పాత్రకి ఎన్ని నిమిషాలు ఇస్తే నిలబడుతుందో ఆయనకి తెలిసిపోయిందనుకుంటాను. "పెళ్ళిపుస్తకం"లో పక్కపాత్ర ఒక్కటి కూడా ఊరికే రాదు, ఊరికే పోదు. 2020 జులైలో ఆయన పోయారు.

నేను చెప్పినదానికి ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటి మన జిల్లాలోనే ఉంది. దాచను. ఆమదాలవలస శరత్‌బాబుగారు. ఆయనకి వెనకాల వేరే వృత్తి లేదు. హీరోగా వచ్చి, స్నేహితుడిగా, అన్నగా, యజమానిగా, తండ్రిగా మారుతూ పోయారు. "సాగరసంగమం"లో ఆయన వేసిన స్నేహితుడు లేకపోతే ఆ నాట్యకారుడి పతనం మనకి సగమే తగులుతుంది. మరి ఆయన్ని ఏది నిలబెట్టింది? భాషలు. తెలుగులో పిలుపు తగ్గితే తమిళం, అక్కడ తగ్గితే కన్నడం. రెండో వృత్తి బదులు రెండో మార్కెట్. 1973 నుంచి 2023లో పోయేదాకా ఆ దారిన నడిచారు. అంటే నా సూత్రం కొంచెం సవరించుకోవాలి. ఉద్యోగమే కానక్కర్లేదు. ఒక్క తలుపు మీద ఆధారపడకూడదు, అంతే.

మన ఉద్దానానికి ఇది కొత్త కాదు. వీధి భాగవతంలో సత్యభామ కట్టినవాడు పగలు నాగలి పట్టినవాడే. బొడ్డపాడు గుళ్ళో పూజారిగా ఉంటూ జముకుల కథ కట్టి ఊళ్ళు కదిలించిన సుబ్బారావు పాణిగ్రాహి సంగతి ఇక్కడ పెద్దలకి నేను చెప్పనక్కర్లేదు. ఆయనకి కథ చెప్పడం వేషం కాలేదు. 1969లో శ్రీకాకుళం సాయుధ పోరాటంలో ప్రాణమే ఇచ్చారు. ఆయన దారితో ఏకీభవించేవాళ్ళూ, ఏకీభవించనివాళ్ళూ ఈ సభలో ఉన్నారు. కాని పూజారి గొంతే ఆ కథకుడి గొంతు అన్న మాట ఎవరూ కాదనలేరు.

ఇప్పుడు మన ఊరి కుర్రాళ్ళు ఫోన్లతో సినిమాలు తీస్తున్నారు. అక్కుపల్లి తీరంలో ఆదివారం వెళ్తే ఒక గుంపైనా కనిపిస్తుంది. వాళ్ళలో హీరో వేషానికి పోటీ ఉంది. తండ్రి వేషానికి మనిషి దొరక్క, మీసానికి పౌడరు రాసుకుని ఆ కుర్రాళ్ళే వేస్తున్నారు. అసలు తండ్రులు ఆ సమయానికి జీడిపప్పు బట్టీల్లోనో, చెన్నైలోనో, గల్ఫ్‌లోనో పనిలో ఉంటారు. రోజుకూలి పోగొట్టుకుని పక్కవేషానికి ఎవరొస్తారు?

కాబట్టి నిర్వాహకులకి ఒక విన్నపం. వక్తకి ఇచ్చే శాలువా, జ్ఞాపిక, దారిఖర్చుల కింద ఈ నిధి వడ్డీలో కొంత పోతోంది. వచ్చే ఏడు నుంచి వక్తని దగ్గర ఊరి నుంచే పిలవండి. శాలువా వద్దు. ఆ డబ్బు ఈ మండలంలో నాటకం కట్టే ఏ జట్టుకైనా ఇవ్వండి. ఒక్క షరతు పెట్టండి. అందులో మొదటి రూపాయి, పని మానుకుని పక్కవేషం వెయ్యడానికి వచ్చినవాడి ఆ రోజు కూలికి పోవాలి. హీరో వేషం వేసేవాడికి ఎలాగూ ఎవరో ఒకరు టీ ఇప్పిస్తారు.